నూటపన్నెండు పేర్ల బాట

ఈరయ్యకు మనుషులంటే గిట్టదు. గుట్టబస్తీలో వాలంటీర్లను కూడగట్టే పని మాత్రం అతని మీదే పడింది. మిగతావాళ్లెవరూ ఒప్పుకోలేదు కాబట్టి పడింది.

గుట్టబస్తీ తాండూరుకు ఒక కొసన, బండల పాలిషింగ్ యూనిట్లు దాటాక ఉంటుంది. రెండు వందల గడప. బస్తీకి ఒక దవాఖాన ఇచ్చారు. ఇళ్ల మధ్య జాగా దొరక్క దాన్ని తీసుకుపోయి నల్లరేగడి చేను నడుమ కట్టారు. ఆఖరి ఇంటి నుంచి దవాఖాన మెట్టు దాకా మూడు వందల ముప్పై ఆరు అడుగులు. ఎండాకాలం ఆ నేల నెర్రెలు విడుస్తుంది. వానాకాలం మోకాలి దాకా మింగుతుంది. దవాఖానకు రంగులు వేశారు, బోర్డు పెట్టారు, చక్రాల కుర్చీ కూడా ఇచ్చారు. బాట వేయలేదు. కుర్చీ తోసుకుపోయే దారి లేక నర్సు కరుణ దాని మీద మందుల పెట్టెలు పెట్టుకుంది.

పోయిన ఏడాది జూలైలో ఒక పొద్దున ఈరయ్య భార్య బాలమణికి గుండెల్లో నొప్పి లేచింది. ఆటో ఆఖరి ఇల్లు దాటి సగం దూరం పోయి, చక్రాలు మునిగి ఆగిపోయింది. వాన పడుతోంది. ఈరయ్య వెనక్కి తిరిగి కేక వేశాడు. నాలుగు గడపల్లో నలుగురు మనుషులు నిలబడి చూశారు. చూస్తూనే ఉన్నారు. అతను ఆమెను భుజాన వేసుకుని నడిచాడు. తీసిన అడుగల్లా దిగబడింది. మిగిలిన నూట అరవై ఎనిమిది అడుగులకు అరగంట పట్టింది. చేరేసరికి ఆమెకు దవాఖానతో పని తీరిపోయింది.

ఆ నాలుగు గడపల్లో ఎవరు నిలబడ్డారో ఈరయ్యకు వరసగా తెలుసు. పంక్చర్లు వేసే మునీర్. ఫ్లెక్సీలు కొట్టే మహేష్. మేకల ఎంకయ్య. డీసీఎం వ్యాను నడిపే కార్తీక్. దినాల నాడు నలుగురూ వచ్చి తిన్నారు. ఈరయ్యే వడ్డించాడు. అన్నం చాలా, ఇంకా వేయాలా అని కూడా అడగలేదు.

అతనిది రాతి మీద అక్షరాలు చెక్కే పని. బొంరాస్‌పేట అవతల ఒక పల్లెలో ఐదో తరగతి దాకా చదివాడు. చేతిరాత గుండ్రంగా ఉందని ఒక మేస్త్రీ తాండూరు తీసుకొచ్చి చేతిలో ఉలి పెట్టాడు. అప్పటి నుంచి ముప్పై ఏళ్లు శంకుస్థాపన ఫలకాలు, ప్రారంభోత్సవ ఫలకాలు చెక్కాడు. పలుగు ముట్టనివాళ్ల పేర్లు పైన పెద్దగా వచ్చేవి. తవ్వినవాళ్ల పేర్లు ఏ ఫలకం మీదా ఉండేవి కావు. మనుషుల గురించి అతనికి ఉన్న అభిప్రాయానికి ఆ ముప్పై ఏళ్లు పునాది. నాలుగు గడపలు పైకప్పు.

అరుణాదేవిది వికారాబాద్. భూములున్న కుటుంబం. కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరై, జిల్లాలో బస్తీకో సేవా పని చేయించే సంఘం ఒకటి పెట్టింది. జనవరిలో రైలు దిగి గుట్టబస్తీకి వచ్చి, అందరినీ కూర్చోబెట్టి, పుస్తకం తెరిచింది.

"మీ బస్తీకి ఏం కావాలో మీరే చెప్పాలి. మేం చెప్పం" అంది.

"కమాన్ గావాలె మేడం" అన్నాడు మహేష్. అతను యువజన సంఘానికి అధ్యక్షుడు కూడా. "బస్తీ ముంగట. మస్తు పెద్దది."

"ఫంక్షన్ హాలు" అన్నాడు ఎంకయ్య.

"జిమ్ము" అన్నాడు కార్తీక్.

"బాట" అన్నాడు వెనక నుంచి ఈరయ్య.

"యాడికి కాక?" మహేష్ తిరిగి చూశాడు.

"దవాఖానకు."

నలుగురు మనుషులు నేల చూశారు. అరుణాదేవికి ఆ నిశ్శబ్దం ఏకాభిప్రాయంలా కనబడింది. రాసుకుంది.

అంచు విరిగిన బండలు యూనిట్ల వాళ్లు ఊరికే ఇస్తామన్నారు. మూడడుగుల చదరం బండలు నూటపన్నెండు పడితే బాట అయిపోతుంది. పని జనానిది. ప్రతి ఆదివారం పొద్దున ఏడు నుంచి పది దాకా.

మొదటి ఆదివారం అరవై ఒక్క మంది వచ్చారు. సంఘం అరవై ఒక్క టీషర్టులు ఇచ్చింది. మహేష్ ఫ్లెక్సీ కట్టాడు. అందులో పలుగు పట్టుకుని అతనే నవ్వుతున్నాడు. ఫొటోలు దిగారు, ఉప్మా తిన్నారు, రెండు గజాలు తవ్వారు. రెండో ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. మూడో ఆదివారం ఈరయ్య ఒక్కడే వచ్చాడు. టీషర్టులు మాత్రం వారమంతా బస్తీలో తిరిగాయి. ఒకటి ఎంకయ్య మేకపిల్లకు కూడా తొడిగాడు, చలికి.

ఆ వారం వికారాబాద్‌లో శిక్షణ అన్నారు. బస్తీ బస్తీ నుంచి వాలంటీర్లను నడిపేవాళ్లు వచ్చారు. స్టేషన్ దగ్గర ఒక హాల్లో వాళ్లను గుండ్రంగా కూర్చోబెట్టి దారపుండ ఒకటి ఇచ్చారు. ఉండ ఎవరి చేతికి వస్తే వాళ్లు పేరు, ఊరు, తమకు సంతోషం కలిగించేది ఒకటి చెప్పి, కొస పట్టుకుని ఉండను ఇంకొకరికి విసరాలి. మోమిన్‌పేట్ ఆమె మనవరాలి నవ్వు అంది. నవాబుపేట అతను వాన అన్నాడు. ఉండ ఈరయ్య చేతికి వచ్చింది.

"ఈరయ్య. తాండూరు. లేదు" అని విసిరేశాడు.

టీ వేళకు అరుణాదేవి పక్కకు వచ్చి కూర్చుంది.

"ఎంతమంది వస్తున్నారు ఈరయ్య గారూ?"

"నేనొస్తున్న."

"ఇంకా?"

"పోయిన ఆదివారం ఒక కుక్కొచ్చింది. పనిజెయ్యలె."

ఆమె నవ్వబోయి, అతని ముఖం చూసి మానేసింది. "మీరు వాళ్లను కలుపుకుపోవాలి. రాలేదని ముఖం తిప్పుకుంటే వాళ్లూ తిప్పుకుంటారు. వచ్చిన మనిషికి ఒక గుర్తింపు ఉండాలండీ. జీతం లేని పనికి మనిషి దేనికి వస్తాడు చెప్పండి? తన పేరు నిలబడుతుందంటే వస్తాడు."

తిరుగు రైల్లో ఈరయ్య ధారూర్ దాటేదాకా ఆ మాట నమిలాడు. పేరు కావాలి. అంతే కదా. ముప్పై ఏళ్లు పేర్లే చెక్కాడు. వీళ్లకు కూడా చెక్కి పారేస్తే సరి. మనుషుల మీద అతనికి అంతవరకు ఉన్న చిన్నచూపు ఆ మాటతో ఇంకాస్త గట్టిపడింది. దిగేసరికి పథకం సిద్ధమైంది.

మర్నాడు మహేష్ దుకాణానికి పోయాడు. మునీర్ కూడా అక్కడే టీ తాగుతున్నాడు.

"నాలుగు ఆదివారాలు పనిజేసినోనికి ఒక బండ" అన్నాడు ఈరయ్య, ఇద్దరిలో ఎవరినీ చూడకుండా. "బండ మీద వాడు జెప్పిన పేరు. నేనే చెక్కుత."

మహేష్ మౌస్ వదిలేశాడు. "ఎవల పేరన్న సరేనా కాక?"

"ఎవల పేరన్న."

"సచ్చిపోయినోళ్లది?"

"వాళ్లదే అల్కగ చెక్కొచ్చు. అక్షరం చిన్నగైందని కొట్లాటకు రారు."

"పేరు ముంగట శ్రీ పెడ్తవా?"

"పెడ్త."

"ఎనుక యువజన సంఘం అధ్యక్షులు అని?"

"బండ మూడడుగులే మహేష్."

మునీర్ గ్లాసు కింద పెట్టాడు. "మా అబ్బా పేరు రాస్తవా అన్న? మొహమ్మద్ ఖాజా."

"నాలుగు ఆదివారాలు" అని ఈరయ్య వెళ్లిపోయాడు.

ఆ ఆదివారం ముప్పై నలుగురు వచ్చారు. ఆరున్నరకే వచ్చారు. తరువాత ఏ ఆదివారమూ ఇరవైకి తగ్గలేదు. ఈరయ్య ఎవరినీ బతిమాలలేదు, పొగడలేదు. ఏడు దాటి పది నిమిషాలకు వచ్చినవాడి ఆదివారం కొట్టేసేవాడు. డీసీఎం రాత్రి లోడుకు పోయిందని కార్తీక్ మొత్తుకుంటే, "బండి లోడుకు పోతే బండి పేరు చెక్కుత. నీది వచ్చే వారం" అన్నాడు. నల్లరేగడి మీద నేరుగా బండ వేస్తే ఒక్క వానకు వంకర పోతుంది కాబట్టి, అడుగు లోతు మట్టి తీయించాడు. రాతిపొడి, మొరం పోయించి దిమ్మిస కొట్టించాడు. బండ కదిలితే మళ్లీ లేపించాడు. అతని తిట్లకు జనం అలవాటు పడ్డారు. అతను తిట్టని వారం పని సరిగా చేయలేదేమోనని అనుమానపడేవారు కూడా.

పేర్లు వచ్చాయి. తండ్రుల పేర్లు, తాతల పేర్లు, పుట్టి నెల కాని పిల్లల పేర్లు. శివరాములు, సరస్వతి, మల్లికార్జున్, నర్సమ్మ, మొహమ్మద్ ఖాజా. ఎంకయ్య తండ్రిది ఒకటి, తనది ఒకటి అడిగాడు. మహేష్ తాత శివరాములు పేరు మొదటి బండ మీదే ఉండాలని పట్టుబట్టి, అందుకు ఒక ఆదివారం ఎక్కువ పనిచేశాడు. ఈరయ్య వారమంతా ఇంటి ముందు కూర్చుని చెక్కేవాడు. అక్షరం పావంగుళం లోతు. వందేళ్లయినా పోదు.

అరుణాదేవి మోమిన్‌పేట్ వాళ్లను, నవాబుపేట వాళ్లను తీసుకొచ్చి చూపించింది. ఈరయ్య చేసింది ఏమిటో వాళ్లకు అరగంట వివరించింది. చివర్లో అతన్ని రెండు మాటలు చెప్పమంది.

"మొరం మంచిగ దిమ్మిస కొట్టాలె" అన్నాడు ఈరయ్య.

పదహారు ఆదివారాలకు అతని వంతు నాలుగు బండలు. అతను ఒకటే చెక్కుకున్నాడు. బాలమణి. మిగతా పేర్ల కంటే అంగుళం పెద్ద అక్షరాలు. ఆటో దిగబడిన చోట, యాభై ఏడో బండగా వేశాడు. నాలుగు గడపల వాళ్ల బండలను దానికి అటు రెండు, ఇటు రెండు పరిచాడు. ఎవరూ గమనించలేదు. గమనించాలని అతనికి తొందర లేదు. మాత్రలకు పోయినా, సూదికి పోయినా, పిల్లకు జ్వరమొచ్చి ఉరికినా, ఆ నలుగురూ బతికినన్నాళ్లు ఆ పేరు ముందు నుంచే పోవాలి. అతనికి కావలసింది అదే. అదొక్కటే.

మే నెల ఆఖరి ఆదివారం ప్రారంభోత్సవం. అరుణాదేవి రిబ్బన్ కత్తిరించింది. చప్పట్లు కొట్టారు. ఆమె నవ్వుతూ కాలెత్తింది. కింద శివరాములు ఉన్నాడు.

ఎత్తిన కాలు కాసేపు గాలిలో ఉంది. ఆమె మహేష్‌ను చూసింది, రాతిని చూసింది, తన చెప్పును చూసింది. కాలు పక్కకు జరిపి మట్టి మీద పెట్టింది. రెండో బండ సరస్వతి. ఆమె ఇక బండల వైపు రాలేదు. పక్కనే నడుచుకుంటూ పోయింది. ఆమె వెనక బస్తీ అంతా, బాటకు ఎడమన కొందరు, కుడిన కొందరు, మధ్యలో కొత్త బాటను మెచ్చుకుంటూ దవాఖాన దాకా నడిచారు. బాట మీద ఎవరూ లేరు.

తెలియక కాగితం మీద కాలు పడితే తీసి కళ్లకద్దుకునే జనం. దేవుడి పేరు లేని మనుషుల పేర్లు ఆ బస్తీలో పది కూడా ఉండవు. ఈరయ్యకు ఇది తెలియనిది కాదు. కానీ ముప్పై ఏళ్లూ అతను నిలబెట్టే బండల మీదే చెక్కాడు. పడుకోబెట్టే బండ మీద చెక్కడం ఇదే మొదలు. పదహారు వారాలు తానూ బండ పక్కనే నడిచాడు. చెక్కేటప్పుడు చెప్పులు విప్పి కూర్చునేవాడు. ఆ సంగతి అతనికి ఆ నిమిషం దాకా తట్టలేదు.

తరువాత రెండు వారాలు బాట మీద మేకలు నడిచాయి. ఎంకయ్య చెప్పులు విప్పి నడిస్తే దోషం లేదని తేల్చి, నడి మధ్యాహ్నం ఉత్త కాళ్లతో బయలుదేరాడు. ఒక్కో బండకు వంగి దండం పెట్టుకుంటూ ముప్పై బండలు దాటాడు. జూన్ ఎండ. అరికాళ్లు బొబ్బలెక్కాయి. మిగతా దూరం మట్టిలో కుంటుకుంటూ పోయి కట్టు కట్టించుకున్నాడు. శివరాములు మీద ఎవరో రెండు బంతిపూలు పెట్టారు. దానితో మహేష్ రోజూ పెట్టడం మొదలుపెట్టాడు.

"పెద్దయ్యా, బాట బడ్డంక వచ్చెటోళ్లు తగ్గిండ్రు" అంది కరుణ ఒక రోజు ఈరయ్యతో. "మునుపు నడుమల నుంచి తిన్నగ వచ్చెటోళ్లు. ఇప్పుడు గడ్డల మీది నుంచి సుట్టు తిరిగి రావాలె."

"రాకుంటె సావనియ్యి బిడ్డా."

"అట్లంటే నా రిజిస్టర్ల ఏం రాయాలె?"

జూన్ రెండో వారంలో వాన పడింది. తవ్వి పోసిన నల్లమట్టి బాటకు రెండు పక్కలా జిగట ముద్దయింది. మునీర్ తల్లి జహీరాబీకి డెబ్బై రెండేళ్లు. షుగరు. వారానికి రెండుసార్లు దవాఖానకు పోక తప్పదు. ఆ పొద్దున కర్ర పట్టుకుని బాట పక్కన బురదలో దిగింది. ఈరయ్య ఆఖరి ఇంటి దగ్గర, మిగిలిపోయిన బండ మీద కూర్చుని చూస్తున్నాడు. లేచి బాట పక్కనే ఆమె వెంట నడిచాడు.

"ఆపా, బండెక్కు. జారుతది."

"నక్కో తమ్మీ, వద్దు. మొహమ్మద్ అని రాసినవ్ గదా."

"గది నీ మొగని పేరు. ఇంకా ముంగట ఉంది. ఈడ లేదు."

"ఈడ ఎవరున్నరు?"

"నర్సమ్మ."

"నర్సమ్మ నాకేం పాపం జేసింది? ఆమె నెత్తి మీద కాలు పెట్టాల్నా?" జహీరాబీ కర్రతో బండ అంచు మీద టకటక కొట్టింది. "మంచిగ రాసినవ్ ఈరయ్యా. మస్తు మంచిగ రాసినవ్. ఎవ్వడు తొక్కకుండ రాసినవ్."

ఇంకో నాలుగడుగులకు కర్ర దిగబడింది. ఆమె చేయి కింద పడేలా కూలబడింది. మణికట్టు వంకర తిరిగిందని చూడగానే తెలుస్తోంది. ఆమె ఏడవలేదు. ఉర్దూలో ఈరయ్య వంశాన్ని గుర్తు చేసుకుంది.

అతను ఆమెను నడుము పట్టి లేపి బండ మీదికి ఎక్కించాడు. తనూ ఎక్కాడు, చెప్పులతోనే. ఆమె కళ్లు గట్టిగా మూసుకుని "తౌబా తౌబా" అంటూ నడిచింది. నర్సమ్మను తొక్కారు. మల్లికార్జున్‌ను తొక్కారు. మహేష్‌ను, కార్తీక్‌ను తొక్కారు. ఈరయ్య అడుగు ఎక్కడా తడబడలేదు. యాభై ఆరు దాటింది.

యాభై ఏడు దగ్గర అతని కాలు పక్కకు తిరిగి బురదలో దిగింది. ఆమెను కూడా లాక్కుని దిగింది. ఇద్దరూ మోకాలి దాకా కూరుకుపోయారు. జహీరాబీ కళ్లు తెరిచింది. బండ మీద ఏముందో చదవడం ఆమెకు రాదు. అతని ముఖం చూసి, బురదలోనే ముందుకు నడిచింది.

దవాఖాన చేరేసరికి కరుణ మెట్టు మీద నిలబడి ఉంది. ఇద్దరి కాళ్లూ చూసింది.

"బాట వేసిండ్రు గద?" అంది.

ఆదివారం రైలుకు అరుణాదేవి వచ్చింది. అందరూ బాట మొదట్లో గుమిగూడారు. ఆకాశం మూసుకుని ఉంది. జహీరాబీ చేతికి పిండికట్టుతో కుర్చీ వేసుకుని కూర్చుంది.

"సిమెంటు మెత్తుదాం" అన్నాడు కార్తీక్.

"ఒక్క ఎండకు లేస్తది" అన్నాడు ఈరయ్య.

"పేర్లు గీకేద్దాం" అన్నారెవరో.

"మా అయ్య పేరు గీకుతవా? ముట్టి జూడు" ఎంకయ్య కట్టు కట్టిన కాళ్లతోనే లేచాడు.

"తిప్పుదాం" అన్నాడు ఈరయ్య. "పేర్లు కిందికి. ఎనుక దిక్కు కూడ సాపుగనే ఉంటది."

వాళ్లు పేరు కోసం తవ్వారు, మోశారు, అతని తిట్లు తిన్నారు. ఆ పేరు ఇప్పుడు వానపాములు చదువుకోవాలి.

"బతికున్నోని పేరు మట్టిల బెడ్తమా కాక?" అన్నాడు మహేష్. "అపశకునం గాదా?"

"ఏమిరా మహేషూ" అంది జహీరాబీ. "నీ పేరు మీద కాలు పెట్టొద్దని నేను బురదల పడ్డ. చేయి ఇరిగింది. శకునం ఎవరిది మంచిగుంది, నీదా నాదా?"

మహేష్ తల గోక్కున్నాడు. అరుణాదేవి అందరికీ చీటీలు పంచి అభిప్రాయాలు రాయమందామని సంచి తెరిచింది. జహీరాబీ కట్టు చేయి ఎత్తి చూపించింది. అరుణాదేవి సంచి మూసేసింది.

అప్పుడు మునీర్ గొంతు సవరించుకున్నాడు. "అందరియి తిప్పుదాం. వదినెది ఒక్కటి ఉండనియ్యి" అన్నాడు. "ఈరన్నకు పదహారు వారాలల్ల ఒక్క బండే గద. ఆ ఒక్క తాన మనమే పక్కకు దిగి పోదాం."

"అవు, అది ఉండనీ" అన్నాడు కార్తీక్. ఎంకయ్య తల ఊపాడు. మహేష్ కూడా ఊపాడు. జనమంతా సరే అన్నారు. సంఘం పెట్టాక ఇంత తొందరగా కుదిరిన ఏకాభిప్రాయం అరుణాదేవి చూడలేదు. రాసుకుంది.

ఈరయ్య నిలబడే ఉన్నాడు. అతను కోరుకున్న దానికంటే ఎక్కువే దొరికింది. నలుగురూ ఆ పేరు ముందు నుంచి పోవడమే కాదు, పోయిన ప్రతిసారీ సరిగ్గా అక్కడే, ఆటో దిగబడిన చోటే, బురదలో దిగి పోతామంటున్నారు. తమంతట తామే. ఇంత శిక్ష వేయాలని అతనికి కూడా తోచలేదు. ఒప్పుకుంటే చాలు. ఊరుకున్నా చాలు.

కరుణ దవాఖాన నుంచి చక్రాల కుర్చీ మెట్లు దింపి, బండలు తిప్పాక నడిపి చూద్దామని అవతలి కొసన పెట్టుకుని నిలబడింది. ఈరయ్య అటు చూశాడు. చక్రాల కుర్చీ పక్కకు దిగి పోలేదు. యాభై ఏడు దాకా వచ్చి ఆగుతుంది. అందులో ఎవరుంటే వాళ్లు అక్కడ ఆగుతారు.

ఈరయ్య గడ్డపార తీసుకున్నాడు. మొదటి బండ దగ్గర వంగబోయిన మహేష్‌ను దాటి, బాట పక్కనుంచి తిన్నగా యాభై ఏడు దగ్గరికి పోయాడు. అంచు కింద మొన పెట్టి ఎత్తాడు. అన్నిట్లోకి మందంగా ఉన్న బండను ఏరి వేసింది తనే. జానెడు లేచింది. అంతకుమించి ఒక్క మనిషికి లేవదు. గడ్డపార వదిలితే పగులుతుంది. పట్టుకుంటే తిరగదు. అలాగే కాసేపు బలం చేశాడు. జనం చూస్తున్నారు.

"ఎవడన్న పట్టుర్రి" అన్నాడు.

ఏడాదిలో అతను ఆ బస్తీని అడిగిన మొదటి సాయం అది. గొంతు ఆనాడు వానలో కేక వేసినట్టే ఉంది. మునీర్ బురదలో దిగి పరుగెత్తుకొచ్చాడు. చెప్పులు లేవు. రెండో అంచు పట్టాడు. ఇద్దరూ లేపారు. బండ నిలువుగా లేచి నిలబడింది. పేరు మునీర్ వైపు ఉంది. అతను చదివాడు. చదవకుండా ఉండటానికి జాగా లేదు.

"ఆ పొద్దు నేను చెప్పులు ఎతుకుతుండె అన్న" అన్నాడు మునీర్, బండ అవతల నుంచి. ముఖం కనబడటం లేదు. "బురదల పోవాల్నని. ఒకటి దొరికింది, ఇంకోటి దొరకలె. దొరికేటాల్లకు నువ్వు అవతల బడ్డవు."

ఈరయ్య బండ పైఅంచు మీద వేళ్లు సర్దుకున్నాడు.

"ఎడమ దిక్కు ఒరుగుతుంది. గట్టిగ పట్టు" అన్నాడు.

మెల్లగా దించారు. పేరు మొరంలోకి పోయింది. ఈరయ్య పక్కనున్న రాతిపొడిని కాళ్లతో తోసి అంచులు నింపాడు. బండ మీదికి ఎక్కాడు. నాలుగు మూలలా కాలు వేసి తొక్కి చూశాడు. కదలలేదు. మధ్యలో నిలబడి ఇంకోసారి గట్టిగా తొక్కాడు. పని అయిందో లేదో చూసుకునే మేస్త్రీ ఎలా తొక్కుతాడో అలాగే తొక్కాడు. కాకపోతే కాస్త ఎక్కువ సేపు నిలబడ్డాడు.

బాట మొదట్లో జనం కదిలారు. గడ్డపారల చప్పుడు మొదలైంది. మహేష్ శివరాములు మీది బంతిపూలు తీసి జేబులో వేసుకున్నాడు.

ఈరయ్య మునీర్‌ను క్షమించలేదు. ఒక చెప్పు దొరికినవాడు ఒక చెప్పుతో రావచ్చు. ఆ మాట అతను అనలేదు, మరిచిపోనూ లేదు.

యాభై ఎనిమిదో బండ మొహమ్మద్ ఖాజాది. మునీర్ వంగి తండ్రి పేరు మీద చేయి పెట్టి, గడ్డపార కోసం అటూ ఇటూ చూశాడు. ఈరయ్య మొన దించి అంచు లేపాడు. గడ్డపార మునీర్ చేతికిచ్చి, బండ రెండో అంచు తను పట్టుకున్నాడు.